మద్దతుకు లేని వయసు పోటీకెందుకు?

క్యాంపస్ ఎన్నికలు రాగానే 'అన్నా, మద్దతు కావాలె' అని ప్రతి పార్టీ మా హాస్టల్ తలుపు తడుతది. మద్దతుకు మాకు అభ్యంతరం లేదు. మా ప్రశ్న అభ్యర్థిత్వం గురించే. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫారసుల ప్రకారం 28 ఏళ్లు దాటిన పరిశోధక విద్యార్థి పోటీకి అనర్హుడు. ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా అనర్హుడే. మధ్యమధ్య చదువు ఆపి, కూలికి పోయి, మా ఇండ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేము ఇక్కడికి చేరేసరికే ముప్పైకి దగ్గరపడ్డం. 5,000 రూపాయల ఖర్చు పరిమితి పెట్టి డబ్బున్నోణ్ని కట్టడి చేయాలనుకున్న కమిటీకి ఆలస్యంగా అందిన చదువు కనపడలేదు. కులం పేరెత్తకుండానే ఈ నిబంధన మమ్మల్ని ఓటర్లుగానే మిగిల్చింది. మా మద్దతు అడిగే పార్టీలు ముందు ఈ 28 మీద తమ వైఖరేందో చెప్పాలె.