అరవని గొంతు

ఈ వారం నన్ను చిరాకు పెట్టింది ఒక పెన్‌డ్రైవ్. మా అండమాన్‌లోని డాలీగంజ్‌లో స్కూటర్ సర్వీసింగ్‌కి షెడ్డుకి వెళితే, స్పీకర్లో ఏ.ఎం.రాజా హిట్స్ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రాజా అంటే నాకు ప్రాణం. చిరాకంతా ఆ 'హిట్స్' మీదే. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత గొడవ తెలిసిందే: సినిమాలోంచి పాటను పెకలించి మరో పది పాటల మధ్య కుక్కితే అది పాట కాదు, ముక్క.

మిస్సమ్మ (1955)లో చందమామ పాటే తీసుకోండి. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటిస్తున్న ఎన్టీఆర్, సావిత్రి ఒకరి మీద ఒకరు చందమామకి చాడీలు చెప్పుకుంటారు. రాజా గొంతులో దెప్పు ఉంటుంది, లీల గొంతులో మూతివిరుపు ఉంటుంది. సినిమా చూడనివాడికి అదంతా వెన్నెల్లో ప్రేమపాట. రాసిన పింగళి, బాణీ కట్టిన సాలూరి రాజేశ్వరరావు పేర్లు కూడా గల్లంతే.

షెడ్డు కుర్రాడి తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఇతను ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. 'ఎవరి పాటలో తెలుసా?' అన్నాను.

'ఎవులో తెల్దు బాబాయ్. ఈయన అరవడు గదా, పని చేసుకుంటా వినొచ్చు.'

మాకు పాట ఎప్పుడూ మూట కట్టుకునే వచ్చింది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ పడేదాకా, ఇక్కడ నెట్‌లో పాట పెడితే గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవడమే. అంతకుముందు క్యాసెట్ల కాలం. విశాఖ ఓడ హడ్డో జెట్టీకి వస్తే మావయ్య సంచీలో మామిడి తాండ్రతో పాటు ఒక క్యాసెట్ ఉండేది. జగదాంబ దగ్గర రికార్డింగ్ షాపులో చీటీ ఇచ్చి చేయించినది. అరవై నిమిషాల క్యాసెట్, పక్కకి అరగంట. పాత పాటలు మూడు నిమిషాల పైచిలుకు కాబట్టి ఎనిమిదో తొమ్మిదో పట్టేవి. ఏది ముందు, ఏది వెనక అన్నది మావయ్య రాత్రంతా కూర్చుని తేల్చేవాడు. విషాదం తర్వాత యుగళం, యుగళం తర్వాత భక్తి. ఇక్కడి వానల్లో టేపుకి తెల్లగా బూజు పట్టేది. దూదికి స్పిరిట్ అద్ది, పెన్సిల్‌తో చుట్టుకుంటూ జానెడు జానెడు తుడిచేవాడు. ఆయనకి ఆ సినిమాల్లో సగం చూసిన గుర్తు కూడా లేదు. ఆ వరుసలో ఆయనకి కావలసింది రాజా ఒక్కడే.

ఆ కుర్రాడి 'అరవడు గదా' ఇక్కడ పనికొచ్చింది. రాజా పై స్థాయికి వెళ్లినా గొంతు బిగించడు. పల్లవి చివరి అక్షరాన్ని తెంచకుండా, సాగదీయకుండా, మైకుకి అప్పగించి తప్పుకుంటాడు. నటుడికి చోటివ్వడం ఆ గొంతు గుణం. అందుకే మిస్సమ్మలో పాట ఎన్టీఆర్‌ది అయిపోయింది, విప్రనారాయణ (1954)లో అక్కినేనిది అయిపోయింది. మిస్సమ్మనే అరవంలో తీస్తే జెమినీ గణేశన్‌ది అయింది. అక్కడా పాడింది రాజాయే. పెళ్లి కానుక (1960)కి సంగీతం కూడా ఆయనదే అని ఎంతమందికి గుర్తుంది? 1989లో కచేరీకి వెళుతూ రైలు ప్రమాదంలో పోయేదాకా, పాటల వెనకే ఉండిపోయిన మనిషి.

ఆ నటుల ముఖాలన్నీ తీసేస్తే గానీ ఆయన ముందుకు రాడు. ఆ పని చేసేది నేను ఇన్నేళ్లూ తిట్టిన హిట్స్ మూటే. సినిమాకి నష్టమే, గాయకుడికి మాత్రం న్యాయం. కాబట్టి రాజా హిట్స్‌కి ఈ కాలమ్ అనుమతి ఇచ్చేస్తోంది. ఘంటసాల విషయంలో మాత్రం నా మాట మారదు. మాయాబజార్‌లో 'లాహిరి లాహిరి' పాట వినాలంటే పడవ కనబడి తీరాలి!