‘సేకరణ’ అనే దొంగతనం

గ్రంథచౌర్యం మీద మన సాహిత్యంలో తగాదా పడేది ఎప్పుడూ ఇద్దరే. రాసినాయన ఒకరు, ఎత్తి రాసినాయన ఇంకొకరు. ఇద్దరి చేతుల్లోనూ పుస్తకాలుంటాయి. ఇద్దరికీ పత్రికల్లో జాగా దొరుకుతుంది. నాలుగు వారాలు ఉత్తరాలు నడుస్తాయి. సొమ్ము పోయినాయనకు ఆఖరికి సానుభూతన్నా మిగులుతుంది. మరి పుస్తకమే లేని మనిషి సొమ్ము పోతే? ఆ మనిషి ఏ పత్రికకు ఉత్తరం రాయాల? ఎట్ట రాయాల? ఈ ప్రశ్న వెయ్యనంతకాలం చౌర్యం మీద చర్చంతా కలిగినోళ్ల తగాదానే.

మాది సూళ్లూరుపేట పక్కన మాదిగవాడ. పులికాట్ సరస్సు మీద రోడ్డు దాటితే శ్రీహరికోట. నా బళ్లో చాలామంది పిల్లలు యానాదులు. ఆ దీవి వాళ్ల తాతలది. 1835లో ఇంగ్లీషు ప్రభుత్వం దాన్ని చేతుల్లోకి తీసుకుంది. 1969లో రాకెట్ కేంద్రానికి అదే దీవిని ఎంచారు. చాలా కుటుంబాలు కదలాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరిన సంగతి పిల్లలకు మేమే చెబుతాం.

నేల పోయిన కథ కొంతమందికన్నా తెలుసు. మాట పోయిన కథ ఎవరికీ పట్టదు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దొర ఏడు సంపుటాల్లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి అచ్చేయించాడు. ఏడో సంపుటంలో యానాదుల గురించి వివరంగా ఉంది. అడవిలో వాళ్లు ఏమేం ఏరుకొస్తారో, ఎవర్ని కొలుస్తారో రాశాడు. పుస్తకం మీద థర్‌స్టన్ పేరుంది, సాయపడిన రంగాచారి పేరుంది. వేరు తవ్వి చూపించినోళ్ల పేర్లు ఆ అట్ట మీదికి ఎక్కలేదు. దీన్ని ఎవరూ దొంగతనం అనరు. పరిశోధన అంటారు.

దొరలు పోయినారు. పద్ధతి పోలేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక లెక్చరరు చిన్న రికార్డరు పట్టుకుని మా వాడకొచ్చాడు. మా అమ్మ రెండు దినాలు కూలి మానుకుని పాడింది. అందులో ఒకటి మా అక్క మీద పాట. అక్క మూడేళ్లకే జ్వరమొచ్చి పోయింది. పాట కట్టింది అమ్మే. కొన్నేళ్లకు పుస్తకమొచ్చింది. అట్ట మీద ‘సేకరణ’ అని ఆయన పేరు. పాట కింద ‘అజ్ఞాత కర్తృకం’. అమ్మ పాటలో అక్క పేరున్న చోటల్లా ‘చిన్నారి’ అని మార్చాడు. చదివి వినిపిస్తే అమ్మ అన్న మాట ఇది: ‘‘నా పేరు ల్యాకపోతే పోనీ నాయనా. బిడ్డ పేరెందుకు తీసేసినాడు?’’

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు వెతికాను. 1957 కాపీరైటు చట్టం కర్తకు బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఇస్తుంది. సంకలనాన్ని కూడా రచనగానే లెక్కేస్తుంది. ఆ లెక్కన మా అమ్మా కర్తే. కానీ ‘అజ్ఞాత’ అని ఒకసారి అచ్చయినాక రుజువు చేసుకునే బరువు అమ్మ నెత్తినే పడింది. వేలిముద్ర వేసే మనిషి ఏ కాయితం చూపిస్తుంది?

విశ్వవిద్యాలయాల సంగతి ఇంకా విచిత్రం. 2018లో యూజీసీ చౌర్యానికి నిబంధనలు పెట్టింది. పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. అరవై దాటితే పరిశోధకుడి రిజిస్ట్రేషనే రద్దు. పోలిక చూసేది కంప్యూటరు. అది అచ్చయిన దాన్ని అచ్చయిన దాంతోనే పోల్చగలదు. అమ్మ గొంతులోంచి ఎత్తుకున్న పాటకు అక్కడ పోలిక సున్నా. రేపు మా అన్న కూతురు అదే పాట మీద పరిశోధన చేస్తే, సొంత నాయనమ్మ పాటకు ఆ లెక్చరరు పుస్తకాన్నే ఆధారంగా చూపించాల. చూపించకపోతే దొంగ అనిపించుకునేది ఆ పిల్లే.

సేకరించకపోతే పాటలు చచ్చిపోయేవి గదా అంటారు. సేకరించండి, వద్దన్నదెవరు? పాడిందెవరు, ఏ ఊరు, ఎందుకు కట్టింది అని రాయడానికి రెండు వరుసలు చాలు. మన ఉద్యమాలు కూడా ఈ మాట వినాల. ‘బండెనక బండి కట్టి’ పాట తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టింది. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక అది గద్దర్ పాటే అనుకునేవాళ్లు ఎందరో. గద్దర్ దొంగిలించాడని ఎవరూ అనరు. పేరు అడగని మన అలవాటే యాదగిరిని మరుగున పడేసింది. పాట అందరిదీ అంటాం. అందరిదైనంత మాత్రాన కట్టినవాడు లేకుండా పోతాడా?

నిజంగా నష్టపోయేది నా బళ్లో పిల్లలు. మీ తాతకు ఏం వచ్చురా అని అడిగితే ‘ఏం రాదు సార్, చదువుకోలేదు’ అంటాడు యానాది పిల్లోడు. ఆ తాత ఆకు చూసి చెట్టు గుణం చెప్పగలడు. ఆ తాతలాంటోళ్లు చెప్పిందే పుస్తకాల్లోకెక్కి, ఇంకొకరి పేరుతో పాఠమై తిరిగొచ్చి, మీవాళ్లకు ఏమీ తెలియదని ఆ పిల్లోడికే నేర్పిస్తోంది.

విద్యార్థి మిత్రులారా, మీరూ రేపు రికార్డరు పట్టుకుని వాడలకొస్తారు. రండి. పేరు రాసుకోండి. అచ్చుకు పంపేముందు రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వద్దన్న మాట కొట్టెయ్యండి. పుస్తకమొచ్చినాక ఒక ప్రతి తెచ్చి వాళ్ల చేతిలో పెట్టండి.