తెర దించేలోపు

పెళ్లిలో అడ్డుతెర దిగాక వధూవరులు ఒకరినొకరు చూసుకునేది మూడు నాలుగు క్షణాలు. తలల మీద జీలకర్ర-బెల్లం, పైనుంచి అక్షింతలు, చెవులు గింగురుమనే గట్టిమేళం. అంతలో ఎవరో ఒకరు నవ్వేస్తారు, ఎవరో వెనకనుంచి పిలుస్తారు, ఆ చూపు చెదిరిపోతుంది. ఆ చూపు ఫొటోలో నిలుస్తుందో లేదో అన్నది అప్పటికి చాలా రోజుల ముందే తేలిపోయి ఉంటుంది. పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుని తిరిగిన ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది.

ముందస్తు ఏర్పాటు అనగానే ఏ పోజు ఎక్కడ పెట్టాలో రాసుకోవడం అనుకుంటారు చాలామంది. నేననేది వేరు. తంతును కెమెరా కోసం ఎక్కడా ఆపనక్కర లేకుండా చూసుకోవడమే అసలు ఏర్పాటు. ‘బాబూ, తాళి ఇంకొక్కసారి అలా పట్టుకోండి’ అని మావాళ్లు అరవడం, పురోహితుడు మంత్రం మధ్యలో ఆగడం, వరుడు వంగినవాడు వంగినట్టే ఉండి లెన్సు వైపు పళ్లికిలించడం... ఇవన్నీ ముందు మాట్లాడుకోనందువల్ల వచ్చే తిప్పలు.

అందుకే నేను ముందుగా కలిసేది పురోహితుణ్ణి. తంతు ఇంటింటికీ మారుతుంది. కొందరు స్నాతకం, కాశీయాత్ర వేడుకగా జరుపుతారు, కొందరికి ఆ ఆచారమే లేదు. తెనాలి వైపు ఒక పెళ్లికి ముందు అక్కడి శాస్త్రిగారింటికి వెళ్లి, మూడు ముళ్లప్పుడు నేనెక్కడుంటే బాగుంటుందని అడిగాను. ఆయన చాప మీద రెండు పీటలు వేసి చూపించారు. “ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటుంది, కాబట్టి వెనక చోటుండదు నాయనా. వరుడు లేచి వంగితే ఆయన చేతులు పిల్ల మొహానికి అడ్డమొస్తాయి. నువ్వు ఆమెకు ఎదురుగా, కాస్త పక్కకి, నేల మీద కూర్చో. నేను అటువైపు రాను” అన్నారు. అన్నట్టే రాలేదు. ఆ ఫొటోలో ముడి వేస్తున్న వేళ్లూ ఉన్నాయి, వాటి కింద పెళ్లికూతురి కళ్లూ ఉన్నాయి. అంతటి సహాయం ఏ ఖరీదైన లెన్సూ చేయలేదు.

రీళ్ల కాలంలో ఇలా కూర్చుని మాట్లాడుకోవడం తప్పనిసరి. యాషికా మ్యాట్ కెమెరాలో 120 రీలు వేస్తే 12 ఫొటోలు, 35 ఎంఎం రీలైతే 36. రీలూ ఖరీదే, ప్రింటూ ఖరీదే. అందుకని పెళ్లిపెద్దా ఫొటోగ్రాఫరూ ఏ ఘట్టానికి ఎన్ని అని ముందే లెక్క వేసుకునేవారు. మెమరీ కార్డులొచ్చి ఆ లెక్క అవసరం పోయింది, దానితోపాటు ఆ మాటామంతీ పోయింది. ఇప్పుడు వేలల్లో ఫొటోలు చేతికొస్తాయి. వెతికితే పెళ్లికూతురి మేనత్త ఒక్కదాంట్లోనూ ఉండదు.

ఇక వెలుగు. ఈ రోజుల్లో పెళ్లి ఫొటోను పాడుచేసే వాటిలో మండపం మీద పడే రంగు లైట్లదే పెద్దపీట. ఊదారంగు ఎల్‌ఈడీ వెలుగులో పసుపు రాసిన చెంప పసుపుగా కనిపించడానికి కావలసిన కాంతే ఉండదు. లేని కాంతిని తర్వాత కంప్యూటర్లో ఎవరూ పుట్టించలేరు. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ షట్టర్ వేగం పెంచితే ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. సెకనులో వందో వంతుకో యాభయ్యో వంతుకో దించుకుని తీస్తే చాలావరకు పోతాయి, కానీ అప్పుడు తలంబ్రాలు పోసే చేతులు చెదురుతాయి. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే దాని వెలుగు ముందు ముఖాలు నల్లబడతాయి. డెకరేషన్ వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చే రోజునే గట్టిగా చెప్పండి: రంగులు వెనక అలంకరణ మీదే పడాలి, పీటల మీదకు ముందునుంచి, ఎత్తునుంచి, రెండు వైపులా లేత పసుపు ఛాయ ఉన్న తెల్ల లైట్లు కావాలి, ముహూర్తం వేళకు ఆ తెర వెలుగు తగ్గించాలి, వేలాడే పూలదండలు కూర్చున్నవాళ్ల తలలకు బాగా పైన ఆగాలి. మండపం కట్టేశాక చెబితే ఇప్పుడు కుదరదంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

మండపం ఖర్చు మాటెలా ఉన్నా, అన్నిటికన్నా మంచి వెలుగు దొరికేది పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే. పెళ్లికూతుర్ని చేసే ఉదయం అది. నలుగు పెట్టడం, మంగళస్నానం, పాదాలకు పారాణి, బుగ్గన చుక్క... ఆ పూట తూర్పు కిటికీలోంచి వచ్చే వెలుతురుకు సాటి లేదు. పీటను కిటికీకి పక్కవాటుగా వేయండి. ట్యూబులైటు ఆర్పేయండి. వెనకనున్న ప్లాస్టిక్ కుర్చీలు, బట్టల సంచులు, అట్టపెట్టెలు పక్కగదిలోకి తీసేయండి. చేయవలసిందింతే. వణికే చేతితో మనవరాలి మెడకు పసుపు రాస్తున్న అమ్మమ్మ, కళ్లు మూసుకుని తల వంచిన పిల్ల, ముంజేతి ముడతల మీదుగా జారుతున్న పసుపు నీళ్లు. ఇలాంటి బొమ్మ ఫంక్షన్ హాల్లో దొరకదు. అయినా చాలా ప్యాకేజీల్లో ఈ పూట ఉండదు, ఉన్నా కొత్తగా చేరిన కుర్రాణ్ణి పంపుతారు. నా మాట వినేవాళ్లకు డ్రోను మానుకుని ఈ ఉదయానికి మంచి మనిషిని పెట్టుకోమని చెబుతాను.

గ్రూపు ఫొటోలకు పిలిచే మనుషుల జాబితా చిన్నదిగా ఉండాలి. తప్పనిసరి గ్రూపులు పదికి మించకుండా, పేర్లతో కాదు, వరుసలతో రాయండి. అది పట్టుకుని పిలవడానికి ఇరువైపులా ఒక్కొక్కరు కావాలి: అందరినీ ఎరిగినవాళ్లు, గొంతున్నవాళ్లు. తల్లిదండ్రులు పీటల మీద ఉంటారు కాబట్టి పనికిరారు. మేనమామకు పిల్లను బుట్టలో తెచ్చే పనుంది, ఆయన్నీ వదిలేయండి. బాబాయో పెద్దమ్మ కొడుకో అయితే సరిగ్గా సరిపోతారు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే పెద్దవాళ్ల ఫొటోలు సాయంత్రం పొద్దుండగానే తీసేయాలి. తెల్లవారుజామున రెండింటికి తాతగారిని నిద్రలేపి మండపం ఎక్కించడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. ఆయన మెట్లెక్కలేకపోతే పెళ్లికూతురే కిందికి దిగి వస్తుంది. అందుకు ఆమె అరగంట ముందే ముస్తాబై ఉండాలి. ఆ సంగతి మేకప్ ఆవిడకు ముందే తెలియాలి.

ఇక మా వృత్తివాళ్లం పాటించవలసిన మర్యాద ఒకటుంది. తెర దించే వేళ మండపం ముందు ఐదారుగురం గోడ కట్టినట్టు నిలబడితే, ఊళ్లనుంచి వచ్చిన చుట్టాలకు మా వీపులే దక్కుతాయి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి ఆమె భుజం వెనక ఒక కెమెరా, ఆయన భుజం వెనక ఒక కెమెరా ఉంటే ఆ చూపు రెండు వైపులనుంచీ దొరుకుతుంది. మిగతావాళ్లు కిందనుంచి తీసుకోవచ్చు. చుట్టాల సెల్‌ఫోన్ల సంగతి ఫొటోగ్రాఫర్ చెబితే గొడవవుతుంది, అదే పురోహితుడు మైకులో ఒక్క మాట అంటే వింటారు. ఆయనతో మాట్లాడే రోజున ఇది కూడా అడగండి.

ఆషాఢంలో ఖాళీగా ఉండే మా స్టూడియోలు శ్రావణంలో, మాఘంలో ఊపిరాడకుండా ఉంటాయి. మంచి ముహూర్తం రోజున ఊరంతా పెళ్లిళ్లే. అడ్వాన్స్ తీసుకున్నది ఒకరు, కెమెరా పట్టుకుని వచ్చేది మరొకరు కావడం మామూలే. కాబట్టి ఆల్బమ్ ఎన్ని షీట్లని అడిగేముందు మా పెళ్లికి స్వయంగా వచ్చేదెవరని అడగండి. ఆ మనిషినే నిశ్చితార్థానికీ పిలవండి. అక్కడ భోజనాలయ్యేసరికి అతనికి ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది. పెళ్లినాడు మేనత్త ఎదురైతే ఎవరూ చెప్పకుండానే కెమెరా ఎత్తుతాడు.