వ్యాపారనామములు – జనవ్యవహారము

కంపెనీవారి వ్యాపారనామమును జనులు ఆ జాతి వస్తువులకెల్ల పేరుగా వాడుట భాషాదోషమని కొందఱు వాదింతురు. ఈ వాదము మాకు సమ్మతము గాదు.

ఏ కంపెనీ వనస్పతియైనను మన వంటయిండ్లలో డాల్డాయే. ఏ యంత్రమున దీసినను నకలు జిరాక్సే. వ్యక్తివాచకము జాతివాచక మగుట భాషకు సహజము. దోషమున్నచో నది తఱచుగా యజమానునిదే.

ఆస్పిరిన్ చరిత్రమును జూడుడు. 1899లో జర్మనీయందలి బేయర్ కంపెనీ యీ పేరిడెను. అమెరికాలో వారు 1915 వఱకు మందుపొడిని ఇతరులకమ్మి, వారు తమ పేర మాత్రలు చేసి విక్రయింపగా నూరకుండిరి. ఆ మందునకు జనులెఱిగిన వేఱొక పేరు లేకపోయెను. 1921లో న్యాయాధిపతి లెర్నెడ్ హ్యాండ్, సామాన్యజనులకది మందుపేరనియు, వైద్యులకును మందుల వర్తకులకును బేయర్ గుర్తేయనియు తీర్పుచెప్పెను. శబ్దార్థమును వినువారినిబట్టి నిర్ణయించిన యీ తీర్పు మిక్కిలి ప్రశంసనీయము.

గుర్తులకు రక్షణ యావశ్యకమే. లేనిచో కొనువారు నకిలీలచే మోసపోవుదురు. కాని యా రక్షణ యంగడికే గాని నాలుకకు గాదు. గృహస్థులకు మా మనవి యొక్కటి: మాటలాడునప్పుడు వాడుకపేరే వాడుడు, మందు కొనునప్పుడు మాత్రము చీటిపై నున్న యౌషధనామమును జదువుడు. పేరునకు వెలయిచ్చి వస్తువును మఱచుట వివేకము గాదు.