మా పేరుకు మూడు స్పెల్లింగులు

షేక్ అనే మాటను ఉర్దూలో ఒక్కలాగే రాస్తాం. షీన్, యే, ఖే. ఇంగ్లీషులోకి దిగేసరికి అది మూడు నాలుగు వేషాలు వేస్తుంది. రిజిస్టరు రాసిన అయ్యవారు ఒకలా విన్నారు. ఆధార్ సెంటరు కుర్రాడు ఇంకోలా కొట్టాడు. బర్త్ సర్టిఫికెట్ రాసిన గుమాస్తాది మరో దారి. మా పిల్లలకు పేర్లు మేం పెట్టుకున్నాం. స్పెల్లింగులు మాత్రం మమ్మల్ని అడక్కుండానే వచ్చాయి.

ఇన్నాళ్లూ ఇది నవ్వుకునే సంగతి. 2024లో మన బడుల్లో అపార్ నంబర్ల పని మొదలయ్యాక మెడకు చుట్టుకుంది. విద్యార్థికి పన్నెండంకెల శాశ్వత నంబరు ఇచ్చి, మార్కులూ సర్టిఫికెట్లూ దాని కిందకు చేరుస్తారు. ఆ నంబరు పుట్టాలంటే బడి రికార్డులో పేరూ ఆధార్‌లో పేరూ కలవాలి. షేక్ చివర ఒక 'హెచ్' ఎక్కువైతే చిక్కే.

ఇది మా ఒక్కరి కష్టం కాదని తెలుసు. ఇంటిపేరును ఒకచోట పొడిగానూ ఒకచోట పూర్తిగానూ రాసిన పిల్లలంతా చిక్కుకున్నారు. అయితే షేక్, సయ్యద్, పఠాన్ అసలు ఇంటిపేర్లు కావు. రికార్డులే వాటిని ఇంటిపేర్లు చేశాయి. మా వాడల్లో వీధి వీధంతా 'ఎస్' ఇనీషియలే! చిత్తూరు మామిడి మండీలో మూటలు మోసేవాడికీ, తిరుపతిలో పండ్ల బండి తోసేవాడికీ ఆ ఒక్క అక్షరం దిద్దించుకోవడమంటే కూలి పోవడమే.

బడుల్లో టెక్నాలజీ మీద మన రాష్ట్రంలో చర్చ జరగలేదా? జరిగింది. 2022 డిసెంబరులో 4,59,564 మంది ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులిచ్చినప్పుడు, పిల్లలు సినిమాలు చూస్తారా, పాఠాలు చూస్తారా అని వాదించుకున్నాం. ఆ కంపెనీ 2024లో దివాలా విచారణకెక్కింది. ముఖం చూపించి హాజరు వేయించుకునే యాప్‌ను సొంత ఫోన్లలో పెట్టుకోమన్నప్పుడు, అదే 2022లో, ఉపాధ్యాయులు ఎదురు తిరిగారు. వాళ్లకు సంఘాలున్నాయి. మూడో తరగతి పిల్లకు ఏ సంఘముంది?

అపార్ ఐచ్ఛికమేనని కేంద్రం చెబుతోంది. తల్లిదండ్రుల అంగీకార పత్రమూ ఉంది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద అంతా సవ్యమే. కానీ బడికి గడువు పెట్టి తరిమితే, హెడ్మాస్టరు ముందు నిలబడ్డ కూలిమనిషి ఏ గుండెతో వద్దంటాడు? సెక్యులర్ మిత్రులు మరొకటి గుర్తుంచుకోవాలి. 2019 చివర పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఇనప్పెట్టెలు తెరిచి తాతల కాగితాలు వెతుక్కున్నవాళ్లం మేం. పేరు కలవలేదన్న మాట మీకు చికాకు. మాకు భయం.

మేం టెక్నాలజీకి శత్రువులం కాం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డుల పాఠాలూ టెక్నాలజీయే. అక్కడ తాను ఏ మెట్టు మీదుందో పిల్ల తనే నిచ్చెన పటం మీద చూసుకుంటుంది. తన లెక్క తనకు తెలుస్తుంది. అపార్‌లో పోగయ్యే లెక్క ఎవరెవరు చూస్తారో ఆ పిల్లకూ తెలియదు, తండ్రికీ తెలియదు.

2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశారు. ఆ భాషలో షేక్ ఒక్కటే. ఆ అధికారం కంప్యూటరు గడి దాకా రాలేదు. అంగీకార పత్రం ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలి. అందులో 'వద్దు' అని రాయడానికీ చోటుండాలి. పేరు దిద్దే పని బడి దగ్గరే, కూలి పోకుండా జరగాలి. ఒక 'హెచ్' తేడా వచ్చినా ఇద్దరూ ఒకరేనని అయ్యవారు సంతకం పెడితే చెల్లాలి. ఆ పిల్లను రోజూ చూసేది ఆయనే కదా.