పాతరలోకి దిగే ముందు

మా బావమరిది కొత్తగా కొన్న ఇంటి బేస్‌మెంట్‌కి ప్లాన్ గీసి వాట్సాప్‌లో పంపాడు. న్యూజెర్సీలో ఇల్లు కొన్న తెలుగువాడికి గృహప్రవేశం అవగానే పుట్టే కోరిక అదే కనుక ఆశ్చర్యపోలేదు. హోమ్ థియేటర్, రిక్లైనర్లు, బార్ కౌంటర్, దానికి సరిగ్గా ఎదురుగా పూజగది, మూలన అమ్మానాన్నలు వస్తే పడుకోవడానికి కిటికీ లేని గెస్ట్ రూమ్. "ఎలా ఉంది బావా?" అన్నాడు. "సంప్ పంప్ ఎక్కడోయ్?" అన్నాను. "అదా, బార్ వెనకాల చెక్క కొట్టి మూసేయిస్తా." వారమంతా ఆ మాట మింగుడు పడలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. ఇంట్లో ఒక్క గదైనా సోకులు లేకుండా ఉండాలి. ఖాళీ సూట్‌కేసులకీ ఆవకాయ జాడీలకీ కార్పెట్ ఎందుకు? అసలు ఇక్కడ బేస్‌మెంట్ పుట్టింది వినోదానికి కాదు. చలికి నేల గడ్డకట్టి పునాదిని పైకి నెట్టకుండా, ఆ గడ్డకట్టే లోతు దాటి పునాది దించాలి. ఎలాగూ అంత తవ్వాం కదా అని ఇంకాస్త తవ్వితే గది అయింది. డాలస్‌లో అంత చలీ లేదు, పైగా తడిస్తే ఉబ్బే బంకమట్టి. అందుకే అక్కడి మనవాళ్ల ఇళ్లలో ఇది అరుదు.

నాకు చిన్నప్పుడు తెలిసిన నేలకింది గది ఒక్కటే: పల్నాడులో అమ్మమ్మగారింటి జొన్నపాతర. మనిషి దూరేంత మూతి, లోపల కడవలా వెడల్పు, గోడల చుట్టూ గడ్డి. గింజలు పోశాక పైన బండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. పాతర తవ్వాలంటే ముందు మెరక చూసేవాళ్లు, వాననీరు అటు పారదని నమ్మకం కుదిరాకే గడ్డపార దించేవాళ్లు. తెరిచే రోజు పిల్లలకి పండగే. బండ జరపగానే పులిసిన వాసన గుప్పున కొట్టేది. నేను అంచుకి పోయి తొంగిచూస్తే తాతయ్య చొక్కా పట్టుకుని వెనక్కి గుంజేవాడు. చాలాసేపు ఎవరూ దిగేవాళ్లు కాదు. తర్వాత తాడు కట్టి లాంతరు దించేవాళ్లు. దీపం కొండెక్కితే ఆ పూటకి పని లేనట్టే. మూసిన పాతరలో గింజలు ఊపిరి పీల్చి ప్రాణవాయువుని ఖర్చు చేస్తాయి, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. తొందరపడి దిగినవాళ్లు పైకి రాని కథలు ఊరూరా ఉండేవి.

ఇక్కడా అవే రెండు గండాలు, నీరూ గాలీ. మట్టిలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్‌కి రంగూ వాసనా ఉండవు, లాంతరుకీ దొరకదు. పొగతాగడం తర్వాత అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెద్ద కారణం అదే. కిట్‌తో పరీక్షించి, లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే స్లాబు కింద గొట్టం పెట్టి ఫ్యాన్‌తో కప్పు మీదికి పంపేయాలి. ఫ్లోరింగ్ వేయకముందే ఆ పని కానిస్తే సులువు. నీటికైతే మెరక సంగతే: గోడ నుంచి పది అడుగుల దూరానికి నేల ఆరు అంగుళాలన్నా దిగాలి. స్లాబు మీద ప్లాస్టిక్ షీటు అంటించి మర్నాడు ఎత్తి చూస్తే, చెమ్మ ఉన్నదీ లేనిదీ అడుగున కనబడుతుంది. అడుగున చేరిన నీటిని బయటికి తోడేది సంప్ పంప్. తుఫానులో కరెంటు పోయేది సరిగ్గా అది తిరగాల్సిన వేళే, కాబట్టి దానికి బ్యాటరీ తప్పదు.

ఇక ఆ కిటికీ లేని గెస్ట్ రూమ్. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను శేషం న్యూయార్క్ మీద కురిసినప్పుడు సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. నగరంలో 13 మంది పోతే, అందులో 11 మంది బేస్‌మెంట్లలో చిక్కుకున్నవాళ్లే. చాలా రాష్ట్రాలు పాటించే ఇళ్ల కోడ్ ప్రకారం కింద పడకగది ఉంటే మనిషి బయటపడే కిటికీ ఉండాలి: 5.7 చదరపు అడుగుల ఖాళీ, దాని అడుగంచు గది నేల నుంచి 44 అంగుళాలకు మించని ఎత్తులో. వరదకి అదొక్కటే చాలదు గానీ, నిప్పంటుకుంటే మెట్లు కాక మిగిలే దారి అదే.

ఇవన్నీ ఏకరువు పెట్టి 'కాబట్టి బేస్‌మెంట్ జోలికి పోకండి' అని ముగించడం నాకు హాయి. కానీ సోకులేమీ లేని మా బేస్‌మెంట్‌లోనే, ఎండాకాలం చల్లగా ఉందని నాన్నగారు పరుపేసుకుని పడుకుంటారు. పిల్లల సాయంత్రాలన్నీ అక్కడే. కార్పెట్ లేని గది అని రేడాన్ వదిలిపెట్టదు, గోడలు బోసిగా ఉన్నాయని నీరు జాలిపడదు. మనుషులు మసిలే చోటుని 'ఇంకా పూర్తి కాలేదు' అని వదిలేయడం సాదాతనం కాదు, అశ్రద్ధ.

అందుకని చేయించండి, పర్మిట్ తీసుకునే చేయించండి. డ్రైవాల్ బిగించకముందే వైర్లూ పైపులూ ఇన్‌స్పెక్టర్ కళ్లబడాలి. సంప్ పంప్‌కి చెక్క కాదు, తలుపు పెట్టించండి. డబ్బు ముందు నీటికి, తర్వాత గాలికి, ఆపైన కిటికీకి. అక్కడితో చేతిలోది అయిపోతే కార్పెట్ పై ఏడాది వేసుకోవచ్చు. అసలు వేయకపోయినా ఆ గదిలో మనిషి నిశ్చింతగా నిద్రపోతాడు.