పరిష్కరణము, నిషేధము: 'రాధికాసాంత్వన' వివాదము

గ్రంథము పాఠకునకు చేరకుండ చేయుటకు రెండు మార్గములు కలవు. ప్రభుత్వము నిషేధించుట ఒకటి. పరిష్కర్త కొన్ని భాగములను విడిచి ముద్రించుట రెండవది. మొదటిదానిని గూర్చి విమర్శకులు విశేషముగా చర్చించిరి. రెండవది అంతకంటె హానికరమని 'రాధికాసాంత్వన' చరిత్రము తెలుపుచున్నది.

ముద్దుపళని తంజావూరు నేలిన ప్రతాపసింహుని (1739–63) ఆస్థాన కవయిత్రి. ఇళను పెంచి కృష్ణునకిచ్చి పెండ్లి చేసిన రాధ, పిదప ఈర్ష్యచే అలుగగా, కృష్ణుడామెను ఊరడించుట ఇందలి కథ. స్త్రీ కోరికకు ప్రాధాన్యమిచ్చుట దీని విశిష్టత. 1887లో పైడిపాటి వెంకటనరసుగారు దీనిని ప్రకటించినపుడు పీఠికను, కొన్ని పద్యములను విడిచిరి. కవయిత్రి తన వంశమందలి స్త్రీలను సగౌరవముగా పేర్కొనినది ఆ పీఠికలోనే. దానిని తొలగించుటకు అశ్లీలత సమాధానము కాజాలదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారు లిఖితప్రతిని సంపాదించి, ముద్రితప్రతితో పోల్చి, 1910లో వావిళ్లవారిచే సమగ్రగ్రంథమును ప్రకటింపించిరి. వీరేశలింగం పంతులుగారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ముద్దుపళని పాండిత్యమును మెచ్చుచునే, స్త్రీ పలుకదగని మాటలిందు కలవని ఆక్షేపించిరి. ఔచిత్యము స్త్రీలకు మాత్రమే విధింపబడినదా, పురుషకవులకు లేదా అని నాగరత్నమ్మగారు ప్రశ్నించిరి. అనతికాలములోనే మద్రాసు ప్రభుత్వము గ్రంథమును నిషేధించి ప్రతులను స్వాధీనము చేసికొనెను.

నిషేధము అన్యాయమే. అయినను దానికొక ఆజ్ఞ కలదు, ఆజ్ఞకొక అధికారి కలడు. కావుననే ప్రకాశకులును పండితులును విన్నపములు చేయగలిగిరి. 1947లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దానిని తొలగించెను. 1952లో గ్రంథము పునర్ముద్రణ మందెను. 1887 నాటి తొలగింపు సంగతి వేరు. తన చేతిలోనిది అసంపూర్ణమని పాఠకుడెరుగడు; ఎరుగనిదానిని ఎదిరింపలేడు. లిఖితప్రతి నశించియుండినచో ఆ లోపము శాశ్వతమై యుండెడిది.

పరిష్కర్తకు ఎన్నుకొను స్వేచ్ఛ లేదా యని అడుగవచ్చును. కలదు. విద్యార్థుల కొరకు సంగ్రహము చేయుటయు దోషము కాదు. కాని ఏది, ఎచట, ఏల విడిచితినో చెప్పుట అతని విధి. నేడు సామాజిక మాధ్యమములను నడుపు సంస్థలును ఇట్టి పరిష్కర్తలే. మన దేశమున 2021 నాటి సమాచార సాంకేతిక నియమములు, పెద్ద మాధ్యమములు తమంతట తాము ఒక వ్రాతను తొలగించునపుడు, వ్రాసినవానికి ముందుగా కారణము తెలిపి, ప్రతివాదమునకు అవకాశ మీయవలెనని విధించినవి. ఇది సరియైన మార్గమే. కాని చదువువాని కొరకు ఇందు ఏర్పాటు లేదు.

ఆ కొరతను మన ప్రాచీన గ్రంథముల ప్రచురణలందైనను తీర్పవలెను. తొలగించిన పద్యముల సంఖ్యయు, కారణమును చూపని ప్రతిని శాస్త్రీయ ప్రతిగా పరిశోధకులు అంగీకరింపరాదు. తీసివేసినది ఒక్క పాదమే యైనను, ఆ చోటు కనబడవలెను.